ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లో సిగ్నల్ దారి, మాడ్యులేషన్: మొదటి నుంచి సరిగా అమర్చుకునే పద్ధతి

"కోరస్ వేస్తే గిటార్ పలచబడిపోతోంది." "పెడల్ చివరిదాకా తొక్కితేనే ఏదో కదులుతోంది." "డిలే ఆపగానే ప్రతిధ్వని తోక టక్కున తెగిపోతోంది." అడిగేవాళ్లు మారినా ప్రశ్నలు ఇవే. వీటిలో ఎక్కువ భాగం మాడ్యులేషన్ (ఎఫెక్టు విలువలను కదిలించడం) తప్పులు కావు, సిగ్నల్ దారి తప్పులు. కాలువ తవ్వకుండా తూము తలుపులు బిగిస్తే ఏం లాభం? అందుకే ఇక్కడ సగానికి పైగా రూటింగే ఉంటుంది. ఎల్‌ఎఫ్‌ఓ (విలువలను దానంతటదే నెమ్మదిగా ఊపేది), పెడళ్ల సంగతి ఆ తర్వాత.

ఉదాహరణకు గిటార్‌తో వాడే ఫ్లోర్ మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌ను తీసుకున్నాను. కీబోర్డు, గాత్రం, పికప్ బిగించిన వీణ లేదా వయొలిన్‌కూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మెనూ పేర్లు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటాయి, పని మాత్రం ఒకటే.

## 1. ముందు కాగితం, తర్వాత బటన్లు

తెల్ల కాగితం మీద ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్ దాకా ఒక గీత గీయండి. దాని మీద ఎఫెక్టులను పెట్టెలుగా వేయండి (ప్రాసెసర్‌లో వీటినే బ్లాకులు అంటారు). ప్రతి పెట్టె కింద అది మోనోనా, స్టీరియోనా రాయండి. గీత ఎక్కడ చీలుతుందో, మళ్లీ ఎక్కడ కలుస్తుందో చూపండి.

కదలాల్సిన ప్రతి దానికీ పక్కన నాలుగు సంగతులు రాయండి: ఎవరు కదిలిస్తారు, ఏది కదులుతుంది, ఎక్కడి నుంచి, ఎక్కడి వరకు. "పెడల్, డిలే దారి లెవెల్, సున్నా నుంచి 70 శాతం" అన్నంత స్పష్టంగా ఉండాలి. ఈ నాలుగింటిలో ఒకటి రాయలేకపోతున్నారంటే ఆ మాడ్యులేషన్ మీకు ఇంకా అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు:

- ☐ పాత ప్యాచ్‌లన్నీ (దాచుకున్న అమరికలు) కంప్యూటర్‌లోకి బ్యాకప్ చేశారు
- ☐ ఖాళీ ప్యాచ్ తెరిచారు (కంపెనీ ఇచ్చిన ప్యాచ్‌ను సవరించడం కాదు)
- ☐ గ్లోబల్ (అన్ని ప్యాచ్‌లకూ వర్తించే) ఈక్యూ, గ్లోబల్ రివర్బ్ ఆపేశారు
- ☐ ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కు (కాలితో నొక్కుతూ విలువ మార్చేది) మూడు కాంటాక్టులున్న స్టీరియో జాక్ కేబుల్ ఉంది
- ☐ వినడానికి రెండు స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్ ఉన్నాయి

## 2. లెవెల్ కుదరనిదే ముందుకు వెళ్లవద్దు

మామూలు గిటార్ పికప్‌కు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సుమారు 1 మెగాఓమ్ ఉండాలి. తక్కువైతే పైస్థాయి మెరుపు పోతుంది. వీణ, వయొలిన్‌లకు అంటించే పీజో పికప్‌ల సంగతి దీనికి తలకిందులు. వాటికి ఇంపెడెన్స్ తగ్గితే కింది స్థాయి కరిగిపోయి ధ్వని రేకు డబ్బాలా వినిపిస్తుంది. అప్పుడు ఈక్యూతో బేస్ పెంచుతూ కూర్చోకండి, మధ్యలో ఒక ప్రీయాంప్ పెట్టండి.

మీరు వాయించగలిగినంత గట్టిగా వాయించి, ఇన్‌పుట్ మీటర్ పై అంచుకు 6 నుంచి 12 డెసిబెల్స్ కిందే ఆగేలా చూసుకోండి. డిజిటల్ క్లిప్పింగ్‌ను తర్వాత ఏ బ్లాకూ బాగుచేయలేదు.

ఆ తర్వాత ప్రతి ఎఫెక్టునూ ఆన్, ఆఫ్ చేసి రెండు స్థితుల్లోనూ ధ్వని ఒకే లెవెల్‌లో ఉందో లేదో వినండి. రెండు డెసిబెల్స్ పెరిగినా చాలు, చెవి దాన్ని "బాగుంది" అనేస్తుంది. అలా మోసపోయి ఉంచుకున్న కోరస్‌లు చాలామంది ప్యాచ్‌లలో కనిపిస్తాయి.

## 3. ముందు ఒకే వరుస

తొలి ప్రయత్నంగా ఈ క్రమం పెట్టండి: నాయిస్ గేట్, కంప్రెసర్, వావా, ఓవర్‌డ్రైవ్, యాంప్, క్యాబినెట్, ఈక్యూ, మాడ్యులేషన్ (కోరస్, ఫేజర్, ట్రెమొలో లాంటి ఊగే ఎఫెక్టులు), డిలే, రివర్బ్. ఇది శాసనం కాదు. కానీ దీన్ని ఎక్కడ మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో తెలిసి మార్చండి.

ట్రెమొలో (శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఊపేది). డ్రైవ్ ముందు పెడితే ఊపు సగం మాయమవుతుంది, ఎందుకంటే డ్రైవ్ ఎత్తుపల్లాలను చదును చేస్తుంది. స్పష్టంగా వినిపించాలంటే డ్రైవ్ తర్వాత పెట్టండి. రివర్బ్ తర్వాత పెడితే తోక కూడా ముక్కలు ముక్కలుగా తెగుతుంది. కొన్ని పాటలకు అదే కావాలి, చాలా వాటికి వద్దు.

ఫేజర్. డ్రైవ్ ముందు పెడితే మెత్తగా కలిసిపోతుంది. తర్వాత పెడితే సుడి తిరిగినట్టు పైకి తేలుతుంది.

డిలే. డ్రైవ్ ముందుకు వెళ్తే ప్రతిధ్వనులు అసలు స్వరంతో కలిసి ముద్దవుతాయి.

నాయిస్ గేట్. డిలే, రివర్బ్‌ల తర్వాత ఎప్పుడూ వద్దు. మాసిపోతున్న తోకను అది రొద అనుకుని కోసేస్తుంది.

వరుసలో ఒక బ్లాక్ స్టీరియో అయ్యాక, ఆ తర్వాత మోనో బ్లాక్ ఒక్కటి వచ్చినా అంతా మళ్లీ మధ్యకు ముడుచుకుంటుంది. పింగ్ పాంగ్ డిలే పక్కలకు వెళ్లడం లేదంటే, ముందు దాని వెనకాల ఏముందో చూడండి.

## 4. సమాంతర దారి

గమనించాల్సినవి ఎక్కువ ఇక్కడే. క్యాబినెట్ తర్వాత దారిని రెండుగా చీల్చండి. మొదటి దారిలో ఏమీ వద్దు, అది డ్రై (అసలు సిగ్నల్). రెండో దారిలో డిలే, రివర్బ్ పెట్టి వాటి మిక్స్‌ను 100 శాతం వెట్ (ఎఫెక్టు ధ్వని మాత్రమే) చేయండి. చివర కలపండి.

వెట్ 100 ఎందుకు? డ్రై సిగ్నల్ రెండు దారుల్లోనూ వస్తే, రెండు ప్రతులు కలిసి లెవెల్ 6 డెసిబెల్స్ వరకు పెరుగుతుంది. వాటి మధ్య చిన్న జాప్యం ఉంటే అంతకంటే అధ్వానం. ఒక ప్రతి 1 మిల్లీసెకను ఆలస్యమైతే 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర గుంటలు పడతాయి, అంటే అక్కడ ధ్వని రద్దవుతుంది. "పలచబడిపోయింది" అని అందరూ చెప్పేది తరచూ ఇదే.

### 4.1 నిశ్శబ్ద పరీక్ష

రెండు దారుల్లో ఉన్న బ్లాకులన్నీ బైపాస్ చేయండి. రెండింటి లెవెల్, ప్యాన్ సమానంగా పెట్టండి. కలిసే చోట ఒక దారి పొలారిటీని తిరగేయండి (తరంగం ఎత్తుపల్లాలు తారుమారు చేయడం). ఇప్పుడు వాయిస్తే దాదాపు ఏమీ వినిపించకూడదు.

పలచని, రేకులాంటి శబ్దం మిగిలితే రెండు దారుల మధ్య జాప్యం తేడా ఉందన్నమాట. అప్పుడు బ్లాకులను ఒక్కొక్కటిగా తీసేస్తూ కారణమైనది పట్టుకోండి. అనలాగ్ పెడల్‌ను సెండ్, రిటర్న్ (సిగ్నల్‌ను బయటికి పంపి తిరిగి తెచ్చుకునే జాక్‌లు) ద్వారా ఒక దారిలోకి తెస్తే ఈ తేడా తప్పదు, సిగ్నల్ మరోసారి డిజిటల్ మార్పిడి గుండా వెళ్లి రావాలి కనుక. పరీక్ష అయ్యాక పొలారిటీని వెనక్కి తిప్పడం మరచిపోకండి.

### 4.2 "వెట్ 100" సూత్రం పనిచేయని చోట్లు

ఫేజర్‌లో ఆ సుడి పుట్టేదే డ్రై, ఫేజ్ మారిన సిగ్నల్ కలిసినప్పుడు. డ్రై ఎక్కడా కలవకుండా వెట్ మాత్రమే ఉంచితే గుంటలు మాయమై, ఫేజర్ ఉందో లేదో తెలియదు. ఫ్లాంజర్‌దీ ఇదే స్వభావం. వీటిని మామూలు వరుసలో, సగం మిక్స్ దగ్గర ఉంచడం మేలు.

వైబ్రాటోను (శ్రుతిని ఊపేది) పూర్తి వెట్‌తో సమాంతర దారిలో పెడితే, అవతల డ్రైతో కలిసి అది కోరస్ అయిపోతుంది. ట్రెమొలోను అలాగే పెడితే, అది తగ్గించిన చోటల్లా డ్రై వచ్చి నింపేస్తుంది. లోతు ఎంత పెంచినా లాభం ఉండదు.

### 4.3 తోక తెగకుండా

డిలే బ్లాక్‌ను ఆపకండి. ఆ దారి ప్రవేశం దగ్గర లెవెల్‌ను తగ్గించండి. కొత్త స్వరం లోపలికి వెళ్లదు, లోపల ఉన్నది తనంతట తాను మాసిపోతుంది. ఫుట్‌స్విచ్ అయినా ఎక్స్‌ప్రెషన్ పెడల్ అయినా ఈ ప్రవేశానికే కట్టండి. మిక్స్ నాబ్‌కు కట్టిన చాలామంది ఒకసారి ఇలా మార్చి చూశాక వెనక్కి వెళ్లరు.

### 4.4 ఫ్రీక్వెన్సీని బట్టి చీల్చడం

కొన్ని ప్రాసెసర్లలో క్రాసోవర్ (కింది, పై ఫ్రీక్వెన్సీలను విడదీసేది) తరహా చీలిక ఉంటుంది. సుమారు 200 హెర్ట్జ్ కింది భాగాన్ని శుద్ధంగా ఉంచి, పై భాగానికే కోరస్ ఇవ్వవచ్చు. బేస్ గిటార్‌కు, కీబోర్డు ఎడమ చేతికి ఇది చాలా మంచిది. కింది స్వరాలు వణకకుండా నిలబడతాయి.

## 5. బయటి యాంప్‌తో నాలుగు కేబుళ్ల పద్ధతి

డ్రైవ్‌లు యాంప్ ముందు, డిలేలు యాంప్ లూప్‌లో (యాంప్ ఎఫెక్ట్ సెండ్, రిటర్న్‌ల మధ్య) ఉండాలంటే ఇదే దారి:

1. గిటార్ నుంచి ప్రాసెసర్ ఇన్‌పుట్‌కు.
2. ప్రాసెసర్ సెండ్ నుంచి యాంప్ ముందరి ఇన్‌పుట్‌కు.
3. యాంప్ ఎఫెక్ట్ సెండ్ నుంచి ప్రాసెసర్ రిటర్న్‌కు.
4. ప్రాసెసర్ అవుట్‌పుట్ నుంచి యాంప్ ఎఫెక్ట్ రిటర్న్‌కు.

యాంప్ ముందరికి వెళ్లే సెండ్‌ను ఇన్‌స్ట్రుమెంట్ స్థాయిలో పెట్టండి. లూప్ ఏ స్థాయిలో పనిచేస్తుందో యాంప్ మాన్యువల్‌లో చూడండి. వృత్తి పరికరాల +4 డీబీయూ, గృహ పరికరాల −10 డీబీవీల మధ్య దాదాపు 12 డెసిబెల్స్ తేడా ఉంటుంది. ప్యాచ్‌లో యాంప్, క్యాబినెట్ బ్లాకులు ఆపేయండి. వరుసలో రిటర్న్ ముందు, సెండ్ వెనక వస్తే సిగ్నల్ తన చుట్టూ తానే తిరిగి కేక పెడుతుంది, కనుక మొదటిసారి వాల్యూమ్ తగ్గించే ఆన్ చేయండి.

హమ్ వస్తే రెండు పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపండి. తగ్గకపోతే ఆడియో దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్లగ్ మూడో పిన్నును విరిచేయడం పరిష్కారం కాదు. చేతిలో లోహపు తీగలు, ముందు లోహపు మైకు ఉన్నవారికి అది ప్రాణాపాయం.

## 6. ఇప్పుడు ఎల్‌ఎఫ్‌ఓ

దారి కుదిరాకే కదలిక. ఎల్‌ఎఫ్‌ఓలో చూడాల్సినవి రేట్, డెప్త్, తరంగ రూపం. కోరస్‌కు సైన్ లేదా ట్రయాంగిల్ తీసుకోండి. స్క్వేర్ తరంగం ట్రెమొలోలో తెగ్గొట్టినట్టు వినిపిస్తుంది, శ్రుతి మీద పెడితే రెండు స్వరాల మధ్య గెంతుతుంది.

రేట్, డెప్త్ విడివిడి నాబ్‌లే గానీ, కోరస్, వైబ్రాటోల్లో అవి ఒకదానినొకటి లాగుతాయి. శ్రుతి ఎంత పక్కకు జరుగుతుందన్నది ఆ రెండింటి గుణకారం మీద ఆధారపడుతుంది. డిలే సమయం అటూ ఇటూ 2 మిల్లీసెకన్లు ఊగుతూ, రేట్ 1 హెర్ట్జ్ ఉంటే శ్రుతి సుమారు 22 సెంట్లు (సెంటు అంటే ఒక స్వరస్థానంలో వందో వంతు) కదులుతుంది. అదే డెప్త్‌తో రేట్ 4 హెర్ట్జ్ చేస్తే అది 85 సెంట్లు దాటుతుంది, అంటే ఒక స్వరస్థానానికి కాస్త తక్కువ. కాబట్టి రేట్ ఎన్ని రెట్లు పెంచితే డెప్త్ అన్ని రెట్లు తగ్గించండి.

వీణ, వయొలిన్ వాయించేవారికి ఒక మాట. గమకం మీద కోరస్ వేస్తే వాద్యకారుడి ఊపూ యంత్రం ఊపూ కొట్టుకుంటాయి. నా మటుకు ఆ వాద్యాలకు శ్రుతిని కదిలించే ఎఫెక్టులు వద్దంటాను. నెమ్మదిగా ఊగే ఫిల్టర్, లోతు తక్కువ ట్రెమొలో, లేదంటే వెట్ దారిలో మంచి రివర్బ్ చాలు.

## 7. తాళంతో కట్టడం

లెక్క సులువు. 60,000ను బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్య) భాగిస్తే ఒక బీట్‌కు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. బీపీఎంను 60తో భాగిస్తే బీట్‌కోసారి తిరిగే ఎల్‌ఎఫ్‌ఓ రేట్ వస్తుంది. 96 బీపీఎం అనుకుంటే:

- ఒక బీట్: 625 మిల్లీసెకన్లు, 1.6 హెర్ట్జ్
- అర బీట్: 312.5 మిల్లీసెకన్లు, 3.2 హెర్ట్జ్
- ముప్పావు బీట్, అంటే డాటెడ్ ఎయిత్: 468.75 మిల్లీసెకన్లు
- నాలుగు బీట్ల బార్: 2.5 సెకన్లు, 0.4 హెర్ట్జ్
- బీట్‌కో అక్షరం చొప్పున ఆది తాళం ఒక ఆవర్తనం: 5 సెకన్లు, 0.2 హెర్ట్జ్

ఆది తాళం రెండు బార్లకు సరిగ్గా సరిపోతుంది, కనుక టెంపో సింక్‌తో ఇబ్బంది లేదు. మిశ్రచాపు దగ్గరే చిక్కు. సింక్ మెనూలో ఉండేవి సాధారణంగా హోల్, హాఫ్, క్వార్టర్ లాంటి విభజనలు. ఏడు దొరకదు.

అర బీట్‌ను ఒక అక్షరంగా తీసుకుంటే ఏడు అక్షరాలకు 2187.5 మిల్లీసెకన్లు, అంటే 0.457 హెర్ట్జ్. మీ ప్రాసెసర్ రెండు దశాంశాలే చూపిస్తే 0.46 పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ప్రతి ఆవర్తనానికీ దాదాపు 14 మిల్లీసెకన్లు జారి, ఇరవై మూడో ఆవర్తనానికి ఒక అక్షరం మేర తప్పుతుంది. ఎల్‌ఎఫ్‌ఓను మొదటికి తెచ్చే రీసెట్‌ను ఒక ఫుట్‌స్విచ్‌కు కట్టి, పల్లవి ఎత్తుకున్నప్పుడల్లా సమం మీద తొక్కండి. ఆ సదుపాయం లేకపోతే సింక్‌ను ఒక్క అక్షరానికి పెట్టండి. అది ఏ తాళంలోనూ పక్కదారి పట్టదు.

## 8. మీ వాయింపే కదిలించేలా: ఎన్వలప్ ఫాలోవర్

మీరు గట్టిగా వాయిస్తే ఒకలా, మెల్లగా వాయిస్తే మరోలా ఎఫెక్టును కదిలించేది ఇది. దీనికి సిగ్నల్‌ను కంప్రెసర్ కంటే ముందు నుంచి తీసుకోవాలి. కంప్రెస్ అయిన సిగ్నల్‌లో ఎత్తుపల్లాలు మిగలవు, ఫాలోవర్‌కు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. "సెన్సిటివిటీ ఎంత తిప్పినా తేడా లేదు" అన్న ఫిర్యాదుకు సాధారణంగా ఇదే మూలం.

మొదట ప్రయత్నించాల్సింది డకింగ్ డిలే. మూలం కంప్రెసర్ ముందరి డ్రై సిగ్నల్, లక్ష్యం డిలే దారి అవుట్‌పుట్ లెవెల్, దిశ తిరగేసి. వాయిస్తున్నంతసేపూ ప్రతిధ్వని అణిగి ఉంటుంది, ఆపగానే పైకి వస్తుంది. రిలీజ్‌ను (ఆపాక మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం) 300 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, ప్రతిధ్వని ఉలిక్కిపడినట్టు లేస్తుంటే పెంచండి. గాయకుల గొంతుకూ ఇది బాగా నప్పుతుంది. సాహిత్యం మీద డిలే పడదు.

## 9. ఎక్స్‌ప్రెషన్ పెడల్

వైరింగ్. అన్ని పెడళ్లూ ఒకేలా ఉండవు. రోలాండ్ ఈవీ-5లోనూ యమహా ఎఫ్‌సీ7లోనూ జాక్ కొన, మధ్య వలయం పనులు తారుమారుగా ఉంటాయి. పెడల్ చివరి కొంత దూరంలోనే పనిచేస్తుంటే ముందు దీన్ని అనుమానించండి. ప్రాసెసర్ మెనూలో గానీ పెడల్ కింద గానీ పొలారిటీ మార్చే వీలుందేమో చూడండి.

క్యాలిబ్రేషన్. మడమ వైపు పూర్తిగా, వేళ్ల వైపు పూర్తిగా తొక్కి నమోదు చేయండి. నిలబడి వాయించేవారు నిలబడే చేయాలి. కూర్చుని చేస్తే పెడల్ చివరిదాకా నొక్కుకోదు.

హద్దులు. ఎక్కువ పరికరాలు సున్నా నుంచి వంద దాకా ఇచ్చేస్తాయి. దాన్ని అలాగే వదిలేయవద్దు. డిలే ఫీడ్‌బ్యాక్ వంద దగ్గరికి వెళ్తే ప్రతిధ్వనులు ఆగకుండా పెరుగుతూ పోతాయి. 65 దగ్గర హద్దు కట్టండి. మిక్స్ అయితే 10 నుంచి 45. పెడల్ ఎక్కడ ఆగినా వినదగిన ధ్వనే రావాలి, హద్దులకు కొలత అదే.

వక్రం. వాల్యూమ్‌కు లీనియర్ కాకుండా లాగరిథమిక్ ఎంచుకోండి. చెవి వినే తీరుకు అది దగ్గర.

డిలే సమయాన్ని పెడల్‌కు కట్టవద్దు. నడుస్తున్న డిలే సమయం మారితే శ్రుతి జారుతుంది, లేదా టిక్కుటిక్కు వస్తుంది. అది కావాలని చేసే ప్రయోగం వేరు.

ఒకే పెడల్‌కు రెండు లక్ష్యాలు పెట్టాలంటే, మొదటిది ఒక్కటే పెట్టి పూర్తిగా సరిచేసుకున్నాకే రెండోది జోడించండి. రివర్బ్ దారి పెరుగుతుంటే డ్రై రెండు డెసిబెల్స్ తగ్గడం మంచి జోడీ.

## 10. మిడి ఉంటే

మిడి అంటే పరికరాలు ఒకదానికొకటి సూచనలు పంపుకునే పద్ధతి. అందులో కంట్రోల్ చేంజ్ సూచనల విలువలు 0 నుంచి 127 వరకే, మొత్తం 128 మెట్లు. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీని వాటితో తిప్పితే మెట్లు వినిపించవచ్చు. స్మూతింగ్ ఉంటే వాడండి, లేకపోతే హద్దులు దగ్గరకు తేండి.

కంట్రోల్ చేంజ్ నంబర్లలో 1 మాడ్యులేషన్ వీల్, 7 వాల్యూమ్, 11 ఎక్స్‌ప్రెషన్, 64 సస్టెయిన్. వీటిని మీ ఫుట్‌స్విచ్‌లకు వాడకండి. అదే చానెల్‌లో కీబోర్డు ఉంటే, అక్కడ సస్టెయిన్ తొక్కిన ప్రతిసారీ ఇక్కడ ఎఫెక్టు ఆగిపోతుంది. టెంపో కోసం మిడి క్లాక్ ఇచ్చేది ఒక్క పరికరమే కావాలి. క్లాక్ వస్తున్నంతసేపూ ట్యాప్ టెంపో చాలా ప్రాసెసర్లలో పనిచేయదు, అది చెడిపోవడం కాదు.

## 11. లక్షణాన్ని బట్టి చికిత్స

- ప్యాచ్ మార్చగానే లెవెల్ గెంతుతోంది: ప్యాచ్‌లో దాచిన విలువ ఒకటి, పెడల్ నిలిచిన చోటు మరొకటి. ప్యాచ్ తెరుచుకోగానే పెడల్ స్థానాన్నే పాటించే ఎంపిక ఉంటే ఆన్ చేయండి.
- ఎవరూ తాకకుండా నాబ్ కదులుతోంది: ఒకే లక్ష్యానికి రెండు మూలాలు కట్టి ఉన్నాయి. అసైన్‌మెంట్ జాబితా తెరిచి ఒకటి తీసేయండి.
- ఒంటరిగా వాయిస్తే కోరస్ బాగుంది, బ్యాండ్‌లో వినిపించడం లేదు: డెప్త్ పెంచకండి. వెట్ దారిలో 200 హెర్ట్జ్ కింద కోసి, లెవెల్ కొద్దిగా పెంచండి.
- డ్రైవ్ ఆన్ చేస్తే ట్రెమొలో పోయింది: వరుస తప్పు. మూడో భాగం చూడండి.
- ప్రాసెసర్ కొత్త బ్లాక్‌ను తీసుకోవడం లేదు: దాని లెక్కింపు శక్తి అయిపోయింది. స్టీరియో అక్కర్లేని బ్లాకులను మోనో చేయండి. రివర్బ్ రెండు చోట్ల ఉంటే ఒకటి తీసేయండి.

## 12. వేదిక ఎక్కే ముందు మోనో పరీక్ష

పెళ్లి మండపమైనా చర్చి హాలైనా సౌండ్ సిస్టమ్ మోనోలో నడుస్తూ ఉండవచ్చు. కొన్ని స్టీరియో కోరస్‌లు కుడి ఎడమలకు ఒకే వెట్‌ను తిరగేసిన పొలారిటీతో పంపుతాయి. అవి మోనోలో కలిస్తే ఎఫెక్టు మొత్తం రద్దయి, డ్రై మాత్రమే మిగులుతుంది. ఇంట్లో విశాలంగా వినిపించిన ప్యాచ్ అక్కడ ఏమీ లేనట్టు ఉండేది ఇందుకే.

- ☐ అవుట్‌పుట్‌ను మోనోకు మార్చి ప్రతి ప్యాచ్ విన్నారు
- ☐ మోనోలో మాయమయ్యే కోరస్‌ను మోనో కోరస్‌తో మార్చారు
- ☐ పెడల్ మడమ వైపు, మధ్యలో, వేళ్ల వైపు ఉంచి మూడు చోట్లా లెవెల్ చూశారు
- ☐ డిలే దారి మూసినప్పుడు తోక మిగులుతోంది
- ☐ ప్యాచ్‌ను వేరే పేరుతో మరో స్థానంలో కూడా దాచారు
- ☐ కాగితం మీది బొమ్మను ఫోనులో ఫొటో తీసుకున్నారు

సౌండ్ ఇంజినీర్‌కు ముందే చెప్పండి, మీరు ఇస్తున్నది ఒక లైనా, రెండా అని. ఒకటే ఇస్తున్నట్టయితే మోనో అని రాసి ఉన్న జాక్‌లోనే పెట్టండి, చాలా ప్రాసెసర్లలో అది ఎడమదే. కుడి జాక్‌లో పెడితే కొన్ని పరికరాలు సగం సిగ్నల్‌ను మాత్రమే పంపుతాయి.